రోళ్లపాడు బండిబాటలో రెండు బస్తాల మొక్కజొన్న

సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం తెల్లారుజామున కర్నూలులో నందికొట్కూరు బస్సు ఎక్కాను. ఒక్క కిటికీ అద్దమూ పూర్తిగా మూసుకోదు. చెవులకు తువ్వాలు చుట్టుకుని ముడుచుకుని కూర్చున్నాం అందరం. నందికొట్కూరులో దిగి రోళ్లపాడు అనగానే ఆటో అతను ఐదొందలు అన్నాడు. మిడుతూరు దాకా షేరు ఆటో దొరుకుతుంది, అక్కడి నుంచి ఉన్న ఆ కాస్త దూరానికే తిప్పలు. "పండగ దినాలు గదా సార్" అంటూ చివరికి 350కి ఒప్పుకున్నాడు, అదీ పోవడానికి మాత్రమే.

2022లో జిల్లాలు విడగొట్టాక రోళ్లపాడు నంద్యాల జిల్లాలోకి పోయింది. మా నోటికి ఇంకా కర్నూలే వస్తుంది. బట్టమేక పక్షి కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం ఇది, 614 హెక్టార్లు. అభయారణ్యం అనగానే పెద్ద చెట్లు ఊహించుకుని వచ్చినవాళ్లు ఇక్కడేమీ లేదని తిరిగిపోతుంటారు. ఉన్నదంతా గడ్డి. బట్టమేకకైనా కృష్ణజింకకైనా కావలసింది అదే. బట్టమేక ఇప్పుడు ఇక్కడ కనపడదు. కృష్ణజింకలు మాత్రం రక్షణ దొరికి పెరిగాయి, చుట్టూ ఉన్న శనగ చేలలోకీ వచ్చాయి.

లోపల ఆ రోజు చూసినవి చాలానే ఉన్నాయి, వాటి గురించి ఇంకోసారి రాస్తాను. అభయారణ్యానికి ఇవతలే, బండిబాటలో ఆగి ఉన్న కారు దగ్గరే నా సగం రోజు గడిచిపోయింది.

కారు డిక్కీ తెరిచి ఉంది. ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక పిల్లాడు. బాట పక్క బీడులో మొక్కజొన్న గింజలు కుప్పలు కుప్పలుగా పోస్తున్నారు. యాభై కిలోల బస్తాలు రెండు. ప్లాస్టిక్ కవర్లలో చపాతీలు, అరటిపళ్లు, పండగకు చేసి మిగిలిన అరిసెలు కూడా తెచ్చారు. రెండొందల అడుగుల అవతల కృష్ణజింకల మంద, ముప్పై దాకా ఉంటాయి. కాలినడకన మనిషి వస్తుంటే అంతకన్నా చాలా దూరంలోనే చెంగున ఎగిరి పరిగెత్తే జంతువు అది. ఇవి కదల్లేదు, మమ్మల్నే చూస్తూ నిలబడ్డాయి. నాలుగు వారాలుగా ప్రతి ఆదివారం పెడుతున్నారట. అవి అలా నిలబడడం చూసి వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. నాకు మాత్రం గుండె జారింది.

పోయిన వారం కుప్పలు పోసిన చోటికి వెళ్లి పెంటికలు చూశాను. ఆరోగ్యంగా ఉన్న జింక పెంటిక నల్లగా, గట్టిగా, శనగ గింజంత ఉంటుంది. కాలితో తోస్తే దొర్లుతుంది. అక్కడ సగం అలా లేవు. బూడిద రంగు ముద్దలుగా ఉన్నాయి, వాటి మధ్య అరగని పసుపు గింజలు, దగ్గరికి వంగితే పుల్లటి వాసన. గొర్రెలు కాసేవాళ్లెవరైనా ఆ ముద్దను చూసి సంగతేమిటో చెప్పేస్తారు.

జింక కూడా గొర్రె లాగే నెమరు వేస్తుంది. దాని పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటి పెద్ద అరలో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులే గడ్డిలోని పీచును అరిగించి పెడతాయి. ఏ మేత తింటే ఆ మేతకు తగ్గవే అందులో పెరుగుతాయి. మేత మారితే అవి సర్దుకోవడానికి రెండు మూడు వారాలు కావాలి. గడ్డికి అలవాటైన పొట్టలో ఒక్కసారిగా గింజ పడితే, పిండిని తినే రకం కొన్ని గంటల్లోనే విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పొట్టలో పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ మామూలుగా 6, 7 మధ్య ఉంటుంది, పులుపు పెరిగేకొద్దీ తగ్గుతుంది. అది 5 కిందికి కూడా పడిపోతుంది. పీచును అరిగించేవి చస్తాయి, పొట్ట లోపలి పొర పుండవుతుంది, ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. జంతువు తూలుతుంది, పడుకుంటుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో చచ్చిపోవచ్చు. చచ్చిపోయేటప్పుడు దాని కడుపు నిండుగానే ఉంటుంది. పోసినవాళ్లు అప్పటికి కర్నూలులో ఉంటారు కాబట్టి ఆ కళేబరం వాళ్ల కంట పడదు.

రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పెట్టేదానికన్నా వారానికొకసారి పోయడం ఇంకా ప్రమాదం. నడుమ ఆరు రోజులు గడ్డి తినేసరికి పొట్ట మళ్లీ గడ్డికే సర్దుకుంటుంది. ప్రతి ఆదివారమూ దానికి మొదటి దెబ్బే. పైగా కుప్ప దగ్గర కొమ్ముల పోతు నిలబడితే ఆడవాటినీ పిల్లల్నీ దగ్గరికి రానివ్వదు. బక్కవాటి కోసమని తెచ్చిన గింజంతా బలిసినదాని పొట్టలోకే పోతుంది, ముందు ప్రాణం మీదికి వచ్చేదీ దానికే.

మన ఊళ్లలో గొర్రె గింజల కుప్ప మీద పడితే ఏం చేస్తారో అందరికీ తెలుసు. తినే సోడా నీళ్లలో కలిపి తాపుతారు, పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తారు. కృష్ణజింకకు సోడా ఎవరు తాపుతారు? పట్టుకుంటే ఆ బెదురుకే చచ్చిపోగల జాతి అది.

చపాతీ, అరిసె కూడా పిండీ బెల్లమే కాబట్టి లెక్క ఒక్కటే. కవర్ల సంగతి వేరే చెప్పాలి. తీపి అంటిన కవరును జింక నాకి, నమిలి, మింగేస్తుంది. అది పొట్టలోంచి బయటికి పోదు, ఉండకట్టి అక్కడే ఉండిపోతుంది. బూజు పట్టి మనం తినలేని వేరుశనక్కాయలను మూగజీవాలకు పోద్దాం అనుకునేవాళ్లు కూడా ఒక్కమాట వినాలి. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ మన కాలేయాన్ని పాడుచేసినట్టే వాటి కాలేయాన్నీ పాడుచేస్తుంది.

వాళ్లలో పెద్దాయన చాలా మంచి మనిషి. ఇదంతా చెబుతుంటే కోప్పడలేదు. ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. మోకాలి లోతు మంచు, ఎవరో ట్రాక్టరు మీంచి ఎండుగడ్డి దించుతున్నారు, జింకలు బారులు తీరి వస్తున్నాయి. "చలికాలంలో వాళ్లు పెడుతున్నారు గదా బాబూ, మనం పెడితే తప్పేముంది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. మంచు దేశాల్లో గడ్డి నిజంగానే మంచు కింద కూరుకుపోతుంది. అక్కడి జింకలు ముందే కొవ్వు కట్టుకుంటాయి, చలికాలంలో తిరుగుడు తగ్గించి పుల్లలూ మొగ్గలూ కొరుక్కుంటూ నెట్టుకొస్తాయి. ఆస్ట్రియా, జర్మనీల్లో వాటికి ఎండుగడ్డి, పాతర గడ్డి పెట్టే అలవాటు ఉంది. గట్టి మంచు పడకముందే మొదలుపెట్టి కొత్త పచ్చిక లేచేదాకా పెడతారు, నడుమ ఆపరు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ దగ్గర 1912 నుంచి ఎల్క్ అనే పెద్ద జింకల కోసం ఒక రక్షిత ప్రాంతమే ఉంది. అంత పద్ధతిగా చేసేచోట కూడా ఇది మంచిదా అన్న వాదన తెగలేదు. జంతువులన్నీ ఒక్కచోట మూతులు ఆనించి తింటే జబ్బు పాకుతుంది. 1967లో కొలరాడోలో మొదట గమనించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు చొంగలో, మూత్రంలో బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. దానికి మందు లేదు, టీకా లేదు. అందుకే అక్కడ చాలా రాష్ట్రాలు జింకలకు మేత పెట్టడాన్ని కట్టడి చేశాయి. ఆ జబ్బు మన దేశంలో ఇంతవరకు బయటపడలేదు. మన పశువులకు గాలికుంటు, గొర్రెలకూ మేకలకూ అంటుకునే పీపీఆర్ అనే జబ్బు ఉన్నాయి. జింకలు వదిలిన గింజలకు ఊరి గొర్రెలు వస్తాయి, వాటి వెనక కుక్కలు వస్తాయి. తల్లి జింక పసిపిల్లను గడ్డిలో పడుకోబెట్టి మేతకు పోతుంది. కుక్కలు అలవాటుగా తిరిగే చోట ఆ పిల్ల దక్కదు.

అసలు మన చలికాలం జింకకు ఆకలి కాలమే కాదు. వానలకు లేచిన గడ్డి జనవరికి ఎండినా నిలబడే ఉంటుంది. రాత్రంతా మంచు కురుస్తుంది కాబట్టి తెల్లారి మేసే గడ్డితో పాటు కాస్త తడి కూడా లోపలికి పోతుంది. కష్టకాలం మార్చి నుంచి తొలకరి దాకా. అప్పుడైనా ముందు కరువయ్యేది నీరు.

మేం మాట్లాడుతుండగా పక్క చేను రైతు వచ్చాడు. గట్టు మీద నిలబడి కుప్పల్ని చూశాడు. "వారానికొకపారి వచ్చి పోసి పోతారు సార్ మీరు. మిగిలిన ఆరు దినాలు యాడ తింటాయి అవి? నా చేన్లోనే గదా" అన్నాడు. పెద్దాయన దగ్గర దానికి జవాబు లేదు.

అతనిది నాలుగెకరాల శనగ, జేజీ-11 రకం. చుట్టూ పాత చీరలు కట్టాడు, రాత్రిళ్లు టార్చి పట్టుకుని కాపలా. ఎకరాకు పాతిక ముప్పై కిలోల విత్తనం పడుతుంది, బాట వైపు మూలలో రెండుసార్లు విత్తాల్సి వచ్చిందట. చేనులోకి దిగితే మంచుతడికి వేళ్లు జిగటగా అయ్యాయి, నాలుకకు తగిలిస్తే చింతచిగురంత పులుపు. శనగ ఆకు మీద ఊరే పులుపు అది. నెల దాటిన పైరుకు రైతులే తలలు తుంచుతారు, పక్క కొమ్మలు వేస్తుందని. అప్పుడు జింక కొసలు కొరికినా మొక్క లేస్తుంది. కాయ మీదికి వచ్చాక కొరికితే ఇక లేచేది లేదు. మూలలో మంద తొక్కిన చోట మొక్కలు వేళ్లతో సహా ఊడిపడి ఉన్నాయి, సగం నిండిన కాయలతో.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. ఆ చట్టంలో వేట అన్న మాటకు చెప్పిన అర్థంలోకి ఎర వేయడం కూడా వస్తుంది. ఈ కుటుంబం ఎర వేయడానికి రాలేదని ఎవరికైనా తెలుస్తుంది. కానీ మనిషి వస్తే గింజ దొరుకుతుందని నేర్చుకున్న జింకకు, రేపు రాత్రి ఉచ్చు పట్టుకుని వచ్చేవాడూ ఈ పెద్దాయనలాగే కనపడతాడు. నా బాధంతా అక్కడే. బెదురు పోయిన జింకను కాపాడడం ఎవరి వల్లా కాదు.

ఆత్మకూరు దాటాక దోర్నాల దారిలో బస్సు కిటికీల్లోంచి దుప్పులకు అరటిపళ్లు విసిరేవాళ్లనూ చూస్తుంటాం. దుప్పి వేరు, కృష్ణజింక వేరు. దుప్పి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి, దీని మెలికల కొమ్ములు చచ్చేదాకా ఉంటాయి. పొట్ట తీరు మాత్రం ఒక్కటే. అక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. పండు కోసం రోడ్డెక్కడం నేర్చుకున్న దుప్పి వెనక వచ్చే లారీని చూడదు.

"మరి మేమేం చేయాలి?" అని పిల్లాడి తల్లి అడిగింది. ఎండాకాలంలో రండి, ముందు అటవీశాఖ రేంజి ఆఫీసులో అడగండి, నీళ్ల ట్యాంకరు ఖర్చు పెట్టుకుంటామని చెప్పండి అన్నాను. నీటి తొట్టి సాసర్ లాగా లోతు తక్కువగా, అంచు నుంచి నడుమకు వాలుగా ఉండాలి, జారిన పిల్ల తనంతట తాను ఎక్కిరాగలగాలి. పొదల పక్కన పెట్టకూడదు, తోడేలు కాచుకుని కూర్చుంటుంది. పాకుడు పట్టకుండా చీపురుతో రుద్ది కడగాలి, సబ్బు వాడకూడదు. ఉత్త ప్లాస్టిక్ టబ్బులు పెట్టి వెళ్లిపోతే గాలికి కొట్టుకుపోయి అవీ చెత్తే అవుతాయి. అంతదాకా ఆగలేమంటే, ఈ రెండు బస్తాల డబ్బు రెండు వేల పైమాటే కదా, దాన్ని ఈ రైతు చేతిలో పెట్టినా జింకలకు పెట్టినట్టే. విత్తనం డబ్బు తిరిగొచ్చిన రైతుకు వాటి మీద కోపం కొంతైనా తగ్గుతుంది.

తర్వాత అందరం కూర్చుని గింజలు ఏరాం. నల్లరేగడి జనవరికి పగుళ్లు ఇస్తుంది. కుప్పల్ని చీపురు కట్టతో ఊడ్చి గోనెసంచుల్లోకి ఎత్తడం తేలికే, పగుళ్లలో పడ్డవాటిని ఒక్కొక్కటే వేలితో తీయాలి. మట్టి గోళ్లలో ఇరుక్కుంటుంది. పిల్లాడి వేళ్లు సన్నం కాబట్టి వాడే ఎక్కువ తీశాడు. గంటన్నర పట్టింది. ఒకటిన్నర బస్తా దాకా వచ్చింది, అరటి తొక్కలు, కవర్లు వేరే సంచిలో కట్టాం. మేం వంగి ఏరుతున్నంతసేపూ మంద అక్కడే నిలబడి చూసింది, ఆ తర్వాత గడ్డి మేస్తూ మెల్లగా అవతలికి జరిగింది.

గింజల్ని ఏం చేయాలో రైతు భార్య చెప్పింది. కోడికి గింజను నలిపే కందనకాయ ఉంటుంది కాబట్టి దానికి ఇది సరైన తిండి. సంచి కారులో వేసుకుని వాళ్లింటికి పోయాం. వాకిట్లో మూటముడి విప్పుతుండగానే ఎక్కడెక్కడి కోళ్లూ చేరాయి. మిడుతూరు దాకా అదే కారులో వచ్చాను.