దున్నరాజును చంపమన్నారు, నేను చంపలేదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కూర్చుని రాసిన నా పిల్లల నవల మొత్తానికి అచ్చయింది. కట్టలు నిన్ననే ఇంటికి చేరాయి. ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఊళ్లో దున్నకొమ్మును వేడిచేసి, వంచి, చెక్కి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. నా కథలో ఆ పని చేసే ఇంటి పిల్ల, ఒక కొమ్ముకొంగ కంటి బెజ్జంలోంచి చూస్తూ వేరే లోకంలో పడిపోతుంది. అక్కడ దున్నరాజు పిల్లల బొమ్మలన్నీ ఎత్తుకుపోతుంటాడు. ప్రతి బొమ్మనూ వాసన చూస్తాడు. అందులో వాళ్లమ్మ కొమ్ము ఉందేమోనని.

రాయడం హాయిగా సాగింది. నరకం ఆ తర్వాతే.

ఒక పెద్ద ప్రచురణ సంస్థకు రాతప్రతి పంపాను. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. చివరికి రమ్మంటే రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లాను. గదిలో ఇంకెవరో ఇద్దరు రచయితలు కూడా ఉన్నారు. ఆ సంస్థ పెద్దమనిషి నా కాగితాలు తీసి, దున్నరాజు దువ్వెన మీద ముక్కు ఆనించి ఏడ్చే పేజీని సాగదీసి చదివి పకపకా నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. "ఏమ్మా, దున్నపోతు ఏడుస్తుందా? విలనంటే పిల్లలు హడలిపోవాలి. ఆఖర్న ఆ పిల్ల చేత పొడిపించెయ్, వేస్తాం" అన్నాడు. కుదరదన్నాను. "అయినా ఒడిశాలో తెలుగు పుస్తకం ఎవరు కొంటారులే" అని కాగితాలు బల్ల మీదికి తోశాడు.

ఆ మాట ఇప్పటికీ మండుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపారు, అంతమాత్రాన ఇంట్లో మాట్లాడే తెలుగు మానేస్తామా? ఇక విలన్ సంగతంటారా, బలి చక్రవర్తి రాక్షసుడే. ఆయన్ని పాతాళానికి తొక్కిన కథ చెబుతూనే ఆయన దానగుణాన్ని తరతరాలుగా పిల్లలకు మెచ్చి చెప్పుకుంటున్నాం. తప్పు చేసినవాడికీ ఒక బాధ ఉంటుందని పిల్లలకు చెబితే వాళ్లేం చెడిపోరు.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా వీధి పిల్లలను అడగండి. ట్యూషన్‌కి వచ్చేవాళ్లకు చదివి వినిపించాను. దున్నరాజు బొమ్మలు ఎత్తుకుపోతుంటే "కొట్టండి వాణ్ణి" అని అరిచిన ఐదో తరగతి కుర్రాడే, దువ్వెన దగ్గరికొచ్చేసరికి "అక్కా, వాళ్లమ్మది దొరుకుతుందా లేదా, ముందది చెప్పు" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇంతకు మించిన సమీక్ష నాకు అక్కర్లేదు.

సొంతంగానే వేసుకున్నాను. ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్యకు, ఎవరికీ పైసా ఇవ్వకండి. మన దేశంలో అది ఉచితం, రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పిస్తామని డబ్బులడిగే ఏజెంట్లను గుమ్మం ఎక్కనివ్వొద్దు. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీల కూర్పు, శ్రీకాకుళంలో చేయించాను. యూనికోడ్‌లో టైపు చేసింది వాళ్ల ఫాంటులోకి మార్చేసరికి ఒత్తులు చెదిరిపోయాయి. ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని ప్రతి లైనూ చూసుకున్నాను. మీరూ అలాగే కూర్చోండి, వాళ్లు విసుక్కున్నా లేవకండి. అచ్చు, బైండింగ్ ఏ గొడవా లేకుండా అయిపోయాయి.

1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకు ఒక్కోటి పంపాలి. రేపు పోస్టాఫీసుకు వెళ్తున్నాను. ఆ పెద్దమనిషికీ ఒక కాపీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, దువ్వెన పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి మరీ.