ఇంటిపేరుకు బదులు ఒక్క 'కె': నా పీఎఫ్ బదిలీ

2014 నుంచి 2019 దాకా విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు) ఆధార్‌తో కలవడం లేదని ఇక్కడి వాళ్లు ఇంకో కొత్త యూఏఎన్ ఇచ్చేశారు. నేనూ పట్టించుకోలేదు. గత ఏడాది పీఎఫ్ పెన్షన్ గురించి చదువుతుంటే తెలిసింది, దానికి కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలని. ఆ ఐదేళ్లు కలవకపోతే ఎలా అని టెన్షన్ పట్టుకుంది.

తేడా ఎక్కడంటే, ఆధార్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, అదీ ముందు. పాత కంపెనీ రికార్డులో నా పేరు ముందుంది, ఇంటిపేరుకు బదులు చివర ఒక్క 'కె'. మన పేర్లు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే గడుల్లో ఇమడవు. చేరిన రోజు హడావుడిగా ఎవరో నింపిన ఫారానికి పదేళ్ల తర్వాత మనం తిరగాల్సి వస్తుంది. ఇది నిజంగా అన్యాయం.

ఆధార్ లింకే లేని ఖాతా కాబట్టి ఆన్‌లైన్లో దారి లేదు. వివరాలు సరిచేయమని కోరే జాయింట్ డిక్లరేషన్ కాగితం మీద నేను, పాత కంపెనీ ఇద్దరం సంతకం చేసి పీఎఫ్ ఆఫీసుకు పంపాలి. మూడు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఇక లాభం లేదని ఒక గురువారం రాత్రి ఎల్బీనగర్‌లో బస్సెక్కాను. తెల్లారేసరికి నెహ్రూ బస్టాండ్. టిఫిన్ చేసి, ఆటోలో బెంజ్ సర్కిల్ వైపు వెళ్లి, ఆఫీసు తెరిచే దాకా మెట్ల మీదే కూర్చున్నాను.

హెచ్ఆర్‌లో కొత్తమ్మాయి. "మీ మెయిల్ చూశానండీ, ఏం చేయాలో తెలియక ఆగాను" అంది. ఆ మాట విన్నాక కోపం పోయింది. ఇద్దరం కూర్చుని 'తప్పు వివరం', 'సరైన వివరం' అన్న గడులు నింపాం. ఆధార్, పాన్ జిరాక్సులు జతచేశాం. ఇంకు ఆరిన స్టాంపు ప్యాడ్ మీద ఆమె రెండు నీటి చుక్కలు వేసి గట్టిగా నొక్కి ముద్ర వేసింది. నేను ఎప్పుడు మానేశానో కూడా పీఎఫ్ రికార్డులో నమోదు కాలేదు. అడిగితే అప్పుడే ఎక్కించింది. చాలామంది ఈ తేదీ చూసుకోరు. అది లేకపోతే బదిలీ కదలదు.

పేరు సరైందని మెసేజ్ రావడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత ఆధార్ లింక్ చేసి బదిలీకి పెట్టడం పావుగంట పని.

డబ్బు పడిన రోజు పాస్‌బుక్ తెరిస్తే బదిలీ వరుసలో పెన్షన్ గడిలో సున్నా! గుండె జారిపోయింది. కొలీగ్ ఒకాయన చెప్పాడు, పెన్షన్ వాటా అలా కదలదట, సర్వీసు కాలమే లెక్కకు వస్తుంది, అది అనెక్షర్ కె అనే బదిలీ పత్రంలో చూసుకోవాలని. డౌన్‌లోడ్ చేసి చూశాను. చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ ఉన్నాయి. పైన నా ఇంటిపేరు పూర్తిగా, ముందే ఉంది.