హన్మకొండ నుంచి రామప్ప దాకా సైకిల్ మీద, తీరుబడిగా

హన్మకొండ నుంచి రామప్పకు దాదాపు 70 కిలోమీటర్లు. కారులో పోయేవాళ్ళు గంటన్నరలో చేరి, ఓ గంట చూసి, లక్నవరం వంతెన మీద ఫోటోలు దిగి, రాత్రికల్లా ఇల్లు చేరుకుంటారు. సైకిల్ మీద మాత్రం ఇది రెండు రోజుల తొవ్వ. మొదటి రోజు ములుగు మీదుగా, రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరి రాత్రి అక్కడే ఉండాలి. మర్నాడు ఘనపురం కోటగుళ్ళు చూసుకుని పరకాల మీదుగా వాపసు రావాలి. రానూపోనూ ఒక్క రోజులో తొక్కేవాళ్ళూ లేకపోలేదు. తొక్కడం వరకు బాగానే ఉంటుంది గానీ, గుడి ముందు నిలబడేసరికి చూసే ఓపిక మిగలదు.

ముందు కాలం సంగతి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. ములుగు హన్మకొండకు ఈశాన్యంగానే ఉంది కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. పొద్దుగాల గాలి మందంగా ఉంటుంది, అందుకే మొదటి రోజు తెల్లారగానే బయల్దేరాలి. మేడారం జాతర ఉన్న ఏడాది, జాతరకు ముందు వారాల్లో ఈ రోడ్డు జోలికి పోవద్దు. రెండేళ్ళకోసారి వచ్చే ఆ జనమంతా ఇదే 163 నంబరు జాతీయ రహదారి మీద పోతారు. శివరాత్రికి రామప్ప దగ్గర కూడా జాతరే.

గేర్ల సైకిలే కావాలని లేదు. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర కొంత ఎత్తు వస్తుంది. మిగతా దారంతా చెరువుల మధ్య చిన్న చిన్న ఎగుడు దిగుళ్ళే. సీటు ఎత్తు సరిగ్గా ఉన్న మామూలు సైకిల్ గంటకు 14, 15 కిలోమీటర్లు హాయిగా పోతుంది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. సీటు అంతకన్నా కిందికి ఉంటే మల్లంపల్లి చేరేలోపే మోకాలి చిప్ప నొప్పి మొదలవుతుంది.

అసలు ఆలోచించాల్సింది టైరు గురించి. సన్నటి రేసు టైర్లు ఈ తొవ్వకు పనికిరావు. 700 సైజు చక్రమైతే వెడల్పు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, 26 అంగుళాలదైతే 1.75 నుంచి 2 అంగుళాలు ఉండాలి. గాలి కూడా బిర్రుగా కొట్టించొద్దు. మనిషి బరువు 70 కిలోలు, సామాను ఆరేడు కిలోలు అనుకుంటే 35 మిల్లీమీటర్ల టైరుకు వెనక 55, ముందు 45 పీఎస్‌ఐ (పంపు మీద కనబడే గాలి ఒత్తిడి లెక్క) చాలు. అంతకన్నా బాగా తగ్గిస్తే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ట్యూబుకు అట్లా జంట రంధ్రాలు కనబడితే ముల్లు కోసం వెతకొద్దు, గాలి తక్కువైందని అర్థం.

వాల్వు సంగతి బయల్దేరే ముందే చూసుకోవాలి. ఊళ్ళలో పంక్చర్ దుకాణాలు ఎక్కువగా మోటారు సైకిళ్ళ మీద నడుస్తున్నాయి. మోటారు సైకిల్ మాదిరి లావు వాల్వు ఉన్న ట్యూబైతే కంప్రెసర్ నేరుగా పట్టుకుంటుంది. సన్నటి ప్రెస్టా వాల్వైతే ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాల్సిందే, అది పల్లెలో దొరకదు. కంప్రెసర్‌తో కొట్టేటప్పుడు గొట్టం ఆనించి పట్టుకోనివ్వద్దు. సైకిల్ ట్యూబులో పట్టే గాలి కొంచెమే, రెండు మూడు సెకన్లలోనే మోతాదు దాటిపోతుంది. ఒక్కో నొక్కుకు ఆపి బొటనవేలితో చూసుకోవాలి. పాత హీరో, అట్లాస్ సైకిళ్ళకు వేసే 28 అంగుళాల ట్యూబు చిన్న ఊళ్ళలో కూడా దొరికే అవకాశముంది. రిమ్ములో వాల్వు రంధ్రం సరిపోతే, 700 సైజు వెడల్పు టైరులో దాన్ని ఇరికించి ఇల్లు చేరొచ్చు.

ఇక ముళ్ళు. రోడ్డు పక్క సర్కారు తుమ్మ కొట్టినచోట ఎండిన మండలు తారు మీదికి కొట్టుకొస్తాయి. అంచున మట్టిలో పల్లేరు కాయలుంటాయి. చాయ్ కోసం ఆగి సైకిల్‌ను గడ్డిలోకి తోసినప్పుడే ఇవి ఎక్కువగా దిగుతాయి, కాబట్టి అలాంటి చోట ఎత్తి పెట్టాలి. ఆగిన ప్రతిసారీ చక్రం ఒక చుట్టు తిప్పి టైరు మీద చూపు పారేయాలి. గుచ్చుకున్న ముల్లు ట్యూబు దాకా పోవడానికి తరచుగా కొంత దూరం పడుతుంది, ముందే చూస్తే గోటితో పీకేయొచ్చు.

గాలి పోయిందా, చక్రం విప్పి టైరు ఒక పక్క అంచు మాత్రమే బయటికి తీయండి. ట్యూబులో గాలి కొట్టి, పెదవి దగ్గర పెట్టుకుని తిప్పితే సన్నటి గాలి తగులుతుంది. రంధ్రం చుట్టూ ప్యాచ్ కన్నా ఎక్కువ మేర ఇసుక కాగితంతో రుద్దాలి. అచ్చులో పోసినప్పుడు ట్యూబు మీద ఏర్పడిన గీత ఆ మేరలో ఉంటే దాన్ని పూర్తిగా చదును చేయాలి, లేదంటే ఆ గీత వెంబడే గాలి పోతుంది. సొల్యూషన్ పలచగా రాసి ఐదు నిమిషాలు ఆగాలి. చాలామంది తొందరపడి తడి మీదే అంటిస్తారు. అది పది కిలోమీటర్లు కూడా ఆగదు. వేలికి అంటకుండా పొడిబారిన తర్వాత పెట్టి బలంగా నొక్కితే ఆ ప్యాచ్ ట్యూబు ఉన్నంతకాలం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ తిప్పడం. విరిగిన ముల్లు మొన ఇంకా అందులోనే ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. ఈ పని చేయకుండా కొత్త ట్యూబు వేసినా అది కూడా అదే చోట పోతుంది.

పాత ట్యూబును నిలువుగా కోసి టైరుకు, ట్యూబుకు మధ్య పరవడం మన మెకానిక్‌ల పాత పద్ధతి. చిన్న ముళ్ళకు బాగానే అడ్డం పడుతుంది. కానీ కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ అంచు రాపిడికి ట్యూబే చిల్లు పడుతుంది. కొసలను కత్తితో ఏటవాలుగా పలచబరిచి కలపాలి.

సామాను వీపు మీద వద్దు. చెమట, నడుం నొప్పి తప్ప లాభం లేదు. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా కిందికి వేలాడేలా కట్టి, ట్యూబు రబ్బరుతో బిగిస్తే కదలదు. పాలవాళ్ళు క్యాన్లు కట్టే తీరు చూస్తే చాలు. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి స్పోకు విరిగితే తరచుగా వెనక చక్రంలో, చైన్ ఉన్న వైపే విరుగుతుంది. విరిగినదాన్ని పక్క స్పోకుకు మెలిపెట్టి టేపు చుట్టి, చక్రం వంకర బ్రేకుకు రాసుకోకుండా బ్రేకు వదులు చేసుకుని నెమ్మదిగా పోవచ్చు. క్యారియర్ బోల్టులు మాత్రం బయల్దేరే ముందు, ములుగులో, రాత్రి బసలో మూడుసార్లు బిగించుకోండి.

ములుగు రోడ్డు పట్టుకుని పట్నం దాటితే గూడెప్పాడ్, ఆత్మకూరు, ఆ తర్వాత కటాక్షపూర్ చెరువు. వానాకాలంలో ఈ చెరువు మత్తడి పోస్తే నీళ్ళు రోడ్డు మీదుగానే పారతాయి. మోకాలి లోతే కదా అని సైకిల్ దించొద్దు, పాచికి చక్రం జారుతుంది. తర్వాత మల్లంపల్లి, జాకారం, గట్టమ్మ. మేడారం పోయే ప్రతి బండీ గట్టమ్మ తల్లికి మొక్కే ముందుకు కదులుతుంది కాబట్టి అక్కడ వాహనాలు ఉన్నట్టుండి ఆగుతాయి, పక్కకు తిరుగుతాయి. వెనక చూడకుండా దాటొద్దు. ఇసుక లారీలు వరసగా వస్తాయి. ఒకటి పోగానే ఊపిరి పీల్చుకుని రోడ్డు మీదికి జరిగితే రెండోది భుజం పక్కనే ఉంటుంది. ములుగులో కడుపు నిండా తిని నీళ్ళు నింపుకోండి, మనిషికి మూడు లీటర్లు. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలి ఎడమకు తిరగాలి.

అక్కడి నుంచి లారీల గోల తగ్గి, ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. బండ్లు తొక్కకుండా అంచు వెంబడి రాళ్ళు, కంపమండలు పెడతారు. పగలు ఇబ్బంది లేదు. మసక చీకట్లో నల్లటి తారు మీద ఆ రాయి కనబడదు. వడ్లు ఎత్తుకుపోయినా రాళ్ళు అక్కడే ఉంటాయి. పొద్దున పూట పరదాల మీద మంచు తడి ఉంటుంది, బ్రేకు వేస్తే జారడమే. ధాన్యం మీదుగా మాత్రం తొక్కకండి. రైతు ఊరుకున్నా అది మర్యాద కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పాలంపేట చేరితే రోజు సరిగ్గా కుదిరినట్టు. బసకు చెరువు పక్కన పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. స్నానం చేసి, తిని, మూడున్నరకు గుడికి రండి. చెప్పులు బయటే వదలాలి, మధ్యాహ్నపు రాతి మీద అరికాళ్ళు కాలకుండా మందపాటి సాక్సులు వేసుకుంటే నయం.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడని శాసనం చెబుతుంది. ఆ శాసనం 1213 నాటిది. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి 2021లో ఎక్కింది. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలది, అంటే ఆడవాళ్ళ బొమ్మలది, నల్లటి రాయి, దాన్ని అద్దంలా నునుపు చేశారు. ఈ నలుపు మీద నగల చెక్కుడు కనబడాలంటే పక్క నుంచి ఎండ పడాలి. నడినెత్తిన ఎండ ఉంటే చూరు నీడ పడి అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. అందుకని దక్షిణం, పడమర వైపు బొమ్మలను సాయంత్రం, తూర్పు ద్వారాన్ని మర్నాడు పొద్దున చూడాలి. ఉత్తరం వైపు ఆ రోజుల్లో నేరుగా ఎండ పడదు, అక్కడ తీరిగ్గా ఎప్పుడైనా నిలబడొచ్చు. ఇక్కడే రాత్రి ఉండమనడానికి కారణం ఇదే. గోపురం ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలిక, పునాది కింద ఇసుక నింపారు. ఈ రెండూ గైడ్లు ఎట్లాగూ చెబుతారు. వాళ్ళు చెప్పకపోతే జనం దాటిపోయేవి గుడి చుట్టూ వరసగా నడిచే చిన్న ఏనుగులు. వాటి కోసం ఒక చుట్టు తలవంచుకుని నడవండి.

రెండో రోజు ఘనపురం పది కిలోమీటర్లకు అటూ ఇటూ, పల్లె రోడ్డే. కోటగుళ్ళు రెండు ప్రాకారాల లోపల ఉన్న గుళ్ళ సముదాయం. రామప్పలా ముస్తాబై ఉండదు, చాలావరకు శిథిలమే. నా మటుకు నాకు సైకిల్ మీద వచ్చినవాళ్ళకు ఇదే ఎక్కువ నచ్చుతుందనిపిస్తుంది. దగ్గర్లోనే గణపసముద్రం చెరువు ఉంది. గంట సేపు కేటాయించి, పది దాటకముందే కదలండి.

ఇంటిదాకా ఇంకో 60 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. భూపాలపల్లి–పరకాల రోడ్డు ఎక్కగానే బొగ్గు లారీలు, చెల్పూరు కరెంటు కేంద్రం బూడిద బండ్లు ఎదురవుతాయి. మూతికి గుడ్డ, కళ్ళకు అద్దాలు ఉండాల్సిందే. చైన్‌కు నూనె ఎక్కువ వేసి ఉంటే ఈ దుమ్మంతా దానికే పట్టి గరగరమంటుంది. పొద్దున గుడ్డతో తుడిచి లింకుకో చుక్క వేస్తే సరిపోతుంది. రేగొండ దాటి పరకాలలో అమరధామం దగ్గర ఆగొచ్చు. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండాతో వచ్చి కాల్పుల్లో చనిపోయినవాళ్ళ స్మారకం అది. పరకాల నుంచి గూడెప్పాడ్ దాకా పత్తి కాలంలో ట్రాక్టర్ ట్రాలీలు ఏనుమాముల మార్కెట్‌కు వరస కట్టి ఉంటాయి. నిండిన బోరాలు ట్రాలీ అంచు దాటి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి పక్కన ఇరుక్కోకుండా ముందుకు పోనివ్వండి. ఐదున్నర దాటితే వెనక ఎర్ర లైటు వేయండి. దానికి సెల్లు కొత్తవి వేసుకుని బయల్దేరండి, మిణుకుమిణుకుమనే లైటు లారీ డ్రైవరుకు కనబడదు.