ఆన్‌లైన్ వ్యాపారానికి అకౌంటెంట్ ఫీజు ఎందుకు పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది

ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారులు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: పద్దులు చూసిపెట్టడానికి నెలకు ఎంత తీసుకుంటారు? నేను ఆ వృత్తిలోనే ఉన్నాను కనుక వెంటనే ఒక అంకె చెబుతానని వారు ఎదురుచూడడం సహజమే. అయితే ఏడాది అమ్మకాల మొత్తం మాత్రమే విని చెప్పే అంకె ఇద్దరిలో ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది. ఒకే టర్నోవర్ ఉన్న రెండు వ్యాపారాలలో ఒకదాని నెలవారీ పని ఒక పూటలో తెమిలిపోవచ్చు, రెండోదానికి వారం రోజులు చాలకపోవచ్చు. ఫీజు చాలావరకు నిర్ణయమయ్యేది అమ్మకాల పరిమాణాన్ని బట్టి కాదు, ఆ అమ్మకాల వివరాలు అకౌంటెంట్ చేతికి ఏ స్థితిలో అందుతున్నాయన్న దాన్ని బట్టి అని నా గట్టి అభిప్రాయం.

ఆర్డర్ల సంఖ్య పెరిగితే పని అదే దామాషాలో పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి ఆర్డర్‌నూ విడివిడిగా పద్దులోకి ఎక్కించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అమెజాన్ వంటి మార్కెట్‌ప్లేస్‌లు నిర్ణీత గడువుకొకసారి సెటిల్‌మెంట్ నివేదిక ఇచ్చి, తమ కోతలు పోగా మిగిలిన సొమ్మును బ్యాంకు ఖాతాలో వేస్తాయి. ఆ నివేదికలోని మొత్తాలను అంశాలవారీగా పద్దుకు ఎక్కిస్తే చాలు, ఆర్డర్ల జాబితా దానికి ఆధారంగా భద్రంగా ఉంటుంది. కాబట్టి వంద ఆర్డర్లున్నా పదివేల ఆర్డర్లున్నా ఒకే మార్కెట్‌ప్లేస్ నివేదికను సరిచూడడానికి పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. మరో మార్కెట్‌ప్లేస్, సొంత వెబ్‌సైట్, దానికొక పేమెంట్ గేట్‌వే, డెలివరీ సమయంలో నగదు వసూలు చేసి తెచ్చే కొరియర్ సంస్థ ఒక్కొక్కటిగా చేరినప్పుడే పని మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఎందుకంటే ఒక్కొక్కరి నివేదిక ఒక్కో తీరులో, ఒక్కో గడువులో వస్తుంది.

ఒక సెటిల్‌మెంట్‌ను దగ్గరగా చూస్తే డబ్బు చెల్లిస్తున్నది దేనికో అర్థమవుతుంది. సులువుగా ఉండడానికి, ఆ గడువులో పదివేల విలువైన అమ్మకాలు జరిగాయనీ, పన్నును విడిగా ఉంచామనీ అనుకుందాం. అందులో కమిషన్ 1,500, గోదాము, రవాణా ఛార్జీలు 1,200, ప్రకటనల ఖర్చు 850, సరుకు వెనక్కి పంపిన కొనుగోలుదారులకు తిరిగి ఇచ్చినది 800, ముందుముందు రాగల క్లెయిముల కోసం మార్కెట్‌ప్లేస్ తన దగ్గరే ఆపి ఉంచుకున్నది 600. ఇవన్నీ పోగా బ్యాంకులో పడేది 5,050. తక్కువ ఫీజుకు ఒప్పుకుని పని త్వరగా ముగించాలనుకునే వ్యక్తి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ‘అమ్మకాలు 5,050’ అని ఒకే పద్దు రాస్తారు. బ్యాంకు నిల్వ సరిపోతుంది, పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఆ ఒక్క పద్దులో ఎన్ని సంగతులు మాయమయ్యాయో చూడండి. అసలు అమ్మకాలు పదివేలు కాగా పుస్తకంలో సగమే ఉన్నాయి, కనుక పన్ను రిజిస్ట్రేషన్ పరిమితిని దాటిన సంగతి యజమానికి తెలియకుండానే పోవచ్చు. ప్రకటనల ఖర్చు విడిగా కనబడదు కాబట్టి, ఏ వస్తువు లాభం తెస్తున్నదో, ఏది ప్రకటనల మీదే బతుకుతున్నదో చెప్పే దారి ఉండదు. మార్కెట్‌ప్లేస్ ఆపి ఉంచిన 600 మనకు రావలసిన బాకీ. దాన్ని ఎక్కడా రాయకపోతే, అది తర్వాత వచ్చిందో లేదో అడిగే నాథుడు ఉండడు. కమిషన్, రవాణా బిల్లుల మీద చెల్లించిన పన్నును తిరిగి పొందే హక్కు ఉన్నచోట అదీ చేజారుతుంది. రాబడిని పద్దులో ఎలా చూపాలో చెప్పే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణమైన ఐఎఫ్ఆర్ఎస్ 15, 2018 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కొనుగోలుదారు చేతికి వెళ్లేవరకు సరుకు ఎవరి అదుపులో ఉంటుందో వారు పూర్తి అమ్మకపు విలువను రాబడిగా చూపాలన్నది అందులోని సూత్రం. చిన్న వ్యాపారానికి ఆ ప్రమాణం నేరుగా వర్తించకపోయినా అందులోని తర్కం వర్తిస్తుంది: సరుకు మనది, అమ్మకం మనది, మార్కెట్‌ప్లేస్ కమిషన్ మనకు ఖర్చు. ఇలా విడదీసి రాయడానికి అదనపు సమయం పడుతుంది, ఆ సమయానికే అదనపు ఫీజు. ఆ అదనాన్ని మిగుల్చుకోవాలని చూసే వ్యాపారిని నేను గట్టిగానే వారిస్తాను.

ఫీజులో రెండో పెద్ద భాగం సరుకు నిల్వల లెక్కది. మన సరుకు మార్కెట్‌ప్లేస్ గోదాములో ఉన్నంత మాత్రాన వారిది కాదు, అమ్ముడయ్యేవరకు మన ఆస్తిగానే పద్దులో ఉండాలి. ఇది కొత్తగా వచ్చిన చిక్కేమీ కాదు. ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాలలో రాసే జంట పద్దు విధానాన్ని ఇటలీ గణితవేత్త లూకా పచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించి లోకానికి అందించే నాటికే, అక్కడి వర్తకులు దూరదేశాలకు పంపిన సరుకుకు ఓడ ప్రయాణాల వారీగా వేరు ఖాతాలు పెట్టి, ఏ ప్రయాణంలో ఎంత మిగిలిందో తేల్చుకునేవారు. నేటి అమ్మకందారుకు కావలసిందీ ఆ శ్రద్ధే. సరుకు కొన్న ధరతో పాటు దాన్ని గోదాముకు చేర్చడానికి అయిన రవాణా, దిగుమతి సుంకం కూడా నిల్వ విలువలో కలపాలని, నిల్వల మీది అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 చెబుతుంది. ముందు వచ్చింది ముందు పోయినట్లుగానో, సగటు ధర మీదనో విలువ కట్టవచ్చని, చివర వచ్చింది ముందు పోయినట్లు లెక్కించకూడదని కూడా అదే చెబుతుంది. అమ్మగా చేతికి వచ్చేది కొన్న ఖర్చుకన్నా తక్కువని తేలితే విలువను తగ్గించి చూపాలి. వెనక్కి వచ్చిన సరుకు మళ్లీ అమ్మకానికి పనికివస్తుందా, పాడైపోయిందా అన్నది ఎవరో ఒకరు చూసి చెప్పవలసిందే, ఆ మాట గోదాము నివేదికలో ఒక మూలన ఉంటుంది. నాలుగైదు రకాల వస్తువులున్నవారికి ఇదంతా తేలిక. రంగు, కొలతల తేడాలతో వందలాది రకాలు అమ్మేవారికి నెలవారీ ఫీజులో ఎక్కువ వాటా దీనిదే అవుతుంది, అందులో అకౌంటెంట్ అత్యాశ ఏమీ లేదు.

పన్నుల సంగతికి వస్తే, సరుకు ఎన్ని సరిహద్దులు దాటుతుందన్న దాన్ని బట్టి ఖర్చు మారుతుంది. అమెరికా సుప్రీంకోర్టు 2018 జూన్ 21న వేఫేర్ అనే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ కేసులో ఇచ్చిన తీర్పుతో, ఒక రాష్ట్రంలో దుకాణమో గోదామో లేని అమ్మకందారు మీద కూడా అమ్మకపు పన్ను వసూలు చేసే బాధ్యతను ఆ రాష్ట్రం పెట్టగలిగింది. మార్కెట్‌ప్లేస్ ద్వారా జరిగే అమ్మకాలలో ఆ వసూలును మార్కెట్‌ప్లేసే చూసుకునేలా తర్వాత రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నా, సొంత వెబ్‌సైట్ అమ్మకాల భారం అమ్మకందారు మీదే ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 జూలై 1 నుంచి సభ్యదేశాలన్నిటి కొనుగోలుదారులకు జరిగే అమ్మకాల వ్యాట్‌ను (విలువ ఆధారిత పన్నును) ఒకే దేశంలో దాఖలు చేసే ఏర్పాటు వచ్చింది. అది రాకముందు దేశానికొక రిజిస్ట్రేషన్, దేశానికొక రిటర్న్, ఆ మేరకు ఫీజు పెరుగుతూ పోయేది. భారతదేశంలో 2017లో వచ్చిన జీఎస్‌టీ చట్టం కింద మార్కెట్‌ప్లేస్‌లు అమ్మకందారుకు చెల్లించే ముందే కొంత పన్ను పట్టి ప్రభుత్వానికి జమచేస్తాయి. అది 2024 జూలై 10 నుంచి ఒక శాతం కాక అర శాతం. పట్టిన ఆ సొమ్మును అమ్మకందారు తన లెక్కలో సరిచూసుకుని స్వీకరిస్తేనే అది అతనికి దక్కుతుంది. ఈ నిబంధనలలో మీకు వర్తించేది ఏదైనా సరే, ‘ఆన్‌లైన్ అమ్మకాల పన్ను పని ఇంతకు ముందు చేశారా?’ అని అకౌంటెంట్‌ను సూటిగా అడగడానికి మొహమాటపడవద్దు. అనుభవం లేనివారు మీ ఖర్చుతో నేర్చుకుంటారు.

ఎవరి చేత ఏ పని చేయిస్తున్నామన్నదీ ఫీజును నిర్ణయిస్తుంది. నివేదికలు దింపుకుని పద్దులు రాసేది బుక్‌కీపర్ పని. వాటిని సరిచూసి లాభనష్టాలు, ఆస్తి అప్పుల పట్టీ తయారుచేసేది అకౌంటెంట్ పని. కొత్త దేశంలో అమ్మాలా, సంస్థ స్వరూపం మార్చాలా అన్న విషయాలలో సలహా ఇవ్వడం పన్నుల నిపుణుల పని. రోజువారీ పద్దులను కూడా నిపుణుల గంట రేటుకు రాయించుకుంటే డబ్బు వృథా అవుతుంది, నిపుణులు తేల్చవలసిన ప్రశ్నను పద్దులు రాసే వ్యక్తికి వదిలేస్తే అంతకన్నా ఎక్కువ నష్టం. టాలీ, క్విక్‌బుక్స్, జీరో (Xero) వంటి పద్దుల సాఫ్ట్‌వేర్లలోకి సెటిల్‌మెంట్ మొత్తాలను నేరుగా చేరవేసే సాధనాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి మొదటి అంచె పనిని బాగా తగ్గిస్తాయి. అయితే ఏ అంశం ఏ ఖాతాకు వెళ్లాలో మొదట సరిగా అమర్చకపోతే అదే తప్పు నెలనెలా తనంతట తానే జరుగుతూ పోతుంది. ఆ అమరికకు ఒకసారి మంచి ఫీజు ఇవ్వడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను.

ఫీజు కట్టే పద్ధతులలో గంట రేటు కన్నా, పని పరిధి రాసుకుని నెలకు ఇంత అని స్థిరపరచుకోవడం ఇరుపక్షాలకూ మేలు. గంట రేటు ఉంటే యజమాని ఫోన్ చేయడానికి వెనకాడతాడు, అడగవలసిన ప్రశ్న అడగక ఆగిపోతుంది. పన్ను తగ్గించి ఆ మిగులులో వాటా తీసుకుంటామనేవారి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఇటువంటి ఫీజులను అనేక దేశాల అకౌంటెంట్ల వృత్తి సంస్థలు నిషేధించాయి, లేదా గట్టిగా పరిమితం చేశాయి. కారణం స్పష్టమే: తన రాబడి మీ పన్ను తగ్గింపు మీద ఆధారపడినవారికి నిబంధనను సాగదీయాలన్న ఆశ కలుగుతుంది, నోటీసు మాత్రం మీ పేరున వస్తుంది.

ఫీజును న్యాయంగా తగ్గించుకునే మార్గాలు యజమాని చేతిలోనే ఉన్నాయి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. ఇంటి ఖర్చులూ సరుకు కొనుగోళ్లూ కలిసిపోయిన స్టేట్‌మెంట్‌లో ప్రతి వరుసకూ ‘ఇది దేనికి?’ అని అడిగి తెలుసుకోవడంలోనే అకౌంటెంట్ సమయం కరిగిపోతుంది. సెటిల్‌మెంట్ నివేదికను వచ్చిన రోజే దింపి ఒకచోట పెట్టడం, ప్రతి వస్తువు కొన్న ధరను ఒక పట్టికలో తాజాగా ఉంచడం, నెలాఖరున నిల్వ లెక్కించడం, మామూలుగా రాని జమ లేదా కోత కనిపిస్తే దాని పక్కన ఒక వాక్యం రాసిపెట్టడం ఏ యజమానికైనా సాధ్యమైన పనులే. ఏడాదంతా వదిలేసి గడువు ముందు తెచ్చిచ్చే లెక్కకు పన్నెండు నెలల ఫీజుకు మించి అడగడం మా వృత్తిలో మామూలు. ఆరునెలల కిందటి కోత ఎందుకు పడిందో అప్పటికి యజమానికీ గుర్తుండదు, మార్కెట్‌ప్లేస్ సహాయ విభాగానికీ పట్టదు.

ఒకే మార్కెట్‌ప్లేస్‌లో, కొద్ది రకాల వస్తువులతో ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారికి నెలవారీ అకౌంటెంట్ వెంటనే అవసరమని నేను అనను. ఖాతాల అమరికకూ రిజిస్ట్రేషన్ నిర్ణయాలకూ మొదట్లో ఒకసారి, ఏడాది చివర రిటర్న్‌కు ఒకసారి డబ్బు చెల్లించి, మధ్యలో పద్దులు సొంతంగా రాసుకోవచ్చు. రెండో అమ్మకపు మార్గం తెరిచినప్పుడో, సరిహద్దు దాటి అమ్మడం మొదలైనప్పుడో, ఉద్యోగిని పెట్టుకున్నప్పుడో ఆ ఏర్పాటు చాలదు.

ఇద్దరు ముగ్గురిని అడిగి ఎంచుకునేటప్పుడు ఫీజు అంకెలను మాత్రమే పక్కపక్కన పెట్టి పోల్చవద్దు. మీ పాత సెటిల్‌మెంట్ నివేదిక ఒకటి ఇచ్చి, దీన్ని పద్దులో ఎలా రాస్తారో చూపించమని అడగండి. బ్యాంకులో పడిన మొత్తంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవారెవరో, ఆపి ఉంచిన సొమ్ము గురించి తమంతట తామే అడిగేవారెవరో వెంటనే తెలుస్తుంది. తర్వాత ఒప్పంద పత్రంలో ఎన్ని అమ్మకపు మార్గాలు, ఏయే రిటర్న్‌లు, నిల్వ లెక్క ఉందా లేదా, పన్ను శాఖ నోటీసుకు సమాధానం ఇదే ఫీజులో వస్తుందా, విడిగా ఇవ్వాలా అన్నవి రాయించుకోండి. సాఫ్ట్‌వేర్ చందా, పన్ను పోర్టల్ లాగిన్, దానికి ముడిపడిన ఫోన్ నంబరు, ఈమెయిల్ మీ పేరుమీదే ఉండాలి, అకౌంటెంట్‌కు అనుమతి మాత్రమే ఇవ్వాలి. అవి ఆయన పేరున ఉంటే, మరొకరి దగ్గరకు మారదలచిన రోజున పాత పద్దులను మళ్లీ మొదటినుంచి రాయించుకోవలసి రావచ్చు, ఆ ఖర్చు ఏ ఫీజు పట్టికలోనూ ముందుగా కనబడదు.