పాస్‌వర్డ్ ఫోన్లోనే చెప్తా

"లింకు వచ్చింది మేడమ్, ఇదేంటి పాస్‌వర్డ్ అడుగుతోంది?"

ఇంటర్వ్యూల ఆడియోకి నేను లింకు పంపిన ఆయన ప్రశ్న ఇది. ఆయన మా యూనివర్సిటీ మనిషి కాదు. అడగాలనే పెట్టానండీ!

ఇంటర్వ్యూల ఆడియో మొత్తం కలిపి 3 జీబీ పైమాటే. జీమెయిలేమో అటాచ్‌మెంటుగా 25 ఎంబీ దాటనివ్వదు. యూనివర్సిటీ క్లౌడ్‌లో ఆ ఒక్క ఫోల్డర్‌కే లింకు తీసి, పాస్‌వర్డూ గడువు తేదీ పెట్టి పంపాను. బయటివాళ్లకి మా లాగిన్ ఉండదు కదా.

"పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్లో పెట్టేస్తే పోయేదిగా" అన్నారు. ఆ మెయిల్ ఎవరికైనా ఫార్వర్డ్ అయితే లింకూ పాస్‌వర్డూ రెండూ కలిసే పోతాయి. అందుకే ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పాను. సున్నానా, ఓ అక్షరమా అని రెండుసార్లు అడిగారు పాపం.

ఆ ఆడియోలో మాట్లాడినవాళ్లు నన్ను నమ్మి మాట్లాడారు. ఈ మాత్రం చాదస్తం ఉండాల్సిందే.

నిజానికి నా టెన్షన్ లింకు గురించి కాదు. శుక్రవారం గడువు దాటితే అది పనిచేయదు. ఆయన డౌన్‌లోడ్ చేసుకున్న కాపీకి మాత్రం ఏ గడువూ ఉండదు. పనయ్యాక డిలీట్ చేసి ఒక మెయిల్ పెట్టమన్నాను.

"బ్యాంకు వ్యవహారంలా ఉందే" అని నవ్వారు. నవ్వనీ, మెయిల్ పెడితే చాలు.