తాతగారి జంటగొట్టాల రైఫిల్‌కు సరైన తూటా ఏది?

మార్చి మొదటి వారం. లైసెన్సు నా పేరుకు మారింది. తాతగారు ఒకప్పుడు రంపచోడవరం అడవులకు మోసుకెళ్లిన రైఫిల్ ఇప్పుడు కోనసీమలో మా ఇంట్లో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఇప్పుడు వేట ప్రసక్తే లేదు. తుపాకీ సాధన చేసే రేంజిలో కాగితం మీద రెండు గొట్టాల గుళ్లూ దగ్గర దగ్గరగా పడితే చాలు, అదే నా కోరిక.

పాత తోలు పెట్టెలో తొమ్మిది తూటాలు దొరికాయి. తోలు తగిలినచోటల్లా ఇత్తడి మీద పచ్చటి చిలుము, రెండింటి మెడ పగిలింది. ఈ గాలిలో ఉప్పూ చెమ్మా ఎక్కువ, అందుకే తూటాలను తోలులో ఎప్పుడూ ఉంచకూడదు. వాటిని కాల్చను.

మార్చి చివర. లైసెన్సులో ‘450/400’ అని మాత్రమే ఉంది. చిక్కంతా అక్కడే! ఈ పేరుతో 3 అంగుళాల తూటా ఉంది, 3¼ అంగుళాలదీ ఉంది. పొడవుది నల్లమందు, అంటే పొగ ఎక్కువగా వచ్చే పాత తుపాకిమందు, కాలం నాటిది. తరువాత అదే డొల్లలో (మందు నింపే ఇత్తడి తొడుగు) పొగరాని బలమైన మందు కార్డైట్ నింపారు, కానీ డొల్ల అడుగునున్న అంచు పలుచన కావడం వల్ల, కాల్చిన డొల్ల చాంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోటు) ఇరుక్కునేది. ఇంగ్లండుకు చెందిన తుపాకుల సంస్థ జెఫ్రీ ఆ డొల్లను పొట్టి చేసి, అంచును మందం చేసింది. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. గొట్టాల అడుగున ‘కార్డైట్ 60-400’ అని చెక్కి ఉంది: 60 గ్రెయిన్ల మందు, 400 గ్రెయిన్ల గుండు, అంటే గుండు బరువు దాదాపు 26 గ్రాములు. నల్లమందు రైఫిల్ కాదని తేలి ఊపిరి పీల్చుకున్నాను. పొడవు మాత్రం తేలలేదు.

అంచు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఒకే గొట్టం ఉండే బోల్ట్ రైఫిల్‌లో బోల్ట్ పిడి తిప్పితే ఇరుక్కున్న డొల్లను బలంగా లాగవచ్చు. నా దానిలా విరిచి తెరిచే తుపాకీలో డొల్లను బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టర్ అంచు కింద పట్టి పైకి నెట్టడం తప్ప అంత బలం లేదు. అందుకే వీటికి పెద్ద డొల్ల, తక్కువ ఒత్తిడి. 1912లో లండన్ తుపాకుల సంస్థ హాలండ్ అండ్ హాలండ్ వారు .375 తూటాను కూడా బోల్ట్ రైఫిళ్లకు డొల్ల అడుగున బెల్టులాంటి పట్టీతో, జంటగొట్టాలకు అంచుతో, వేరువేరుగా తెచ్చారు.

ఏప్రిల్. తుపాకుల మరమ్మతు చేసే పెద్దాయన చాంబర్‌లో తక్కువ వేడికే కరిగే లోహం పోసి అచ్చు తీశారు. మరిగే నీటి వేడి చాలు దానికి. కొలిస్తే సరిగ్గా 3 అంగుళాలు! రెండో గొట్టానికి కూడా తీయించాను, అదే కొలత.

మే. డీలరుకు రాసిచ్చిన కాగితంలో పొడవుతోపాటు 400 గ్రెయిన్ల గుండు, సెకనుకు 2,100 అడుగుల వేగం అని కూడా స్పష్టంగా రాశాను. ఈ రైఫిల్ గొట్టాలను ఆ వేగానికే సరిచూసి అతికించారు. గుండు నెమ్మదిగా వెళితే గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా తుపాకీ వెనక్కి తన్నే తన్ను కుడి గొట్టాన్ని మరింత కుడికి, ఎడమదాన్ని ఎడమకు తిప్పుతుంది, గుళ్లు ఎడంగా పడతాయి. వేగం ఎక్కువైతే దారులు ఒకదాన్నొకటి దాటిపోతాయి. ‘ఏదో ఒకటి తెప్పిస్తాను’ అన్నారు డీలరు. వద్దన్నాను, ఇదే కావాలన్నాను.

రేంజిలో కుడి గొట్టం, వెంటనే ఎడమ గొట్టం కాల్చి, రెండూ చల్లారాకే మరో జత కాల్చాలి. తూటాలు చేతికి వచ్చాక అదే వరుసలో మొదలుపెడతాను.