ఉప్పు గంజి

మేము చీరాల నుంచి చెన్నైకి వచ్చి పదమూడేళ్ళయింది. పిల్లలిద్దరూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ ఇక్కడే పెరిగారు. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరగలిగే ఊరిని వదిలి వచ్చినవాళ్ళను ప్రవాసులనవచ్చునా అని కొందరు అడుగుతారు. పిల్లలు ఏ భాషలో ఏడుస్తారో, ఎవరి పండుగలకు ఎదురుచూస్తారో, ఎవరి చావులను తమవిగా తలుస్తారో గమనిస్తూ ఉండే తల్లికి ఆ సందేహం రాదు. వీటిలో చివరిదాని గురించే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

మేముండే వలసరవాక్కంలో శ్రీలంక తమిళ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా కింది వాటాలో ఉండే పెద్దావిడను పిల్లలు పాట్టి అని పిలుస్తారు. ఆమె 1990లో పడవలో రామేశ్వరం చేరి, మండపం శిబిరంలో కొంతకాలం గడిపి, కొడుకు ఉద్యోగంలో కుదురుకున్నాక చెన్నైలో స్థిరపడ్డారు. సంక్రాంతికి మా అరిసెలు కిందికి దిగడం, వాళ్ళ పొంగలి పైకి ఎక్కడం మాకు అలవాటే. 2023 మే 18న మాత్రం ఆమె పొద్దున్నే కొబ్బరి చిప్పల్లో గంజి పోసి తెచ్చారు. అప్పటికి ఎనిమిదేళ్ళవాడైన మా అబ్బాయి ఒక గుక్క తాగి, ఇందులో ఉప్పు తప్ప ఏమీ లేదే అన్నాడు. “అప్పుడూ ఏమీ లేదు కన్నా,” అని ఆమె తమిళంలో జవాబిచ్చి, చిప్పలు ఖాళీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. ఆమె వెళ్ళాక వాడు, “అమ్మా, గంజి బట్టలకూ నూలుకూ పెట్టేది కదా, మనుషులకెందుకు పోస్తున్నారు?” అని అడిగాడు. చేనేత ఊరి మనుమడికి గంజి అనగానే పడుగుకు పట్టించే గంజే గుర్తుకు రావడం సహజం.

ఆ గంజి పేరు ముళ్ళివాయ్కాల్ గంజి. శ్రీలంక ఈశాన్య తీరాన, ముల్లైత్తీవు జిల్లాలో, నందికడల్ ఉప్పునీటి కయ్యకూ సముద్రానికీ మధ్యనున్న ముళ్ళివాయ్కాల్ అనే సన్నని ఇసుక నేలలో, ప్రభుత్వ సైన్యానికీ తమిళ పులుల సంస్థకూ (ఎల్‌టీటీఈ) నడిచిన యుద్ధపు చివరి వారాలు 2009లో గడిచాయి. కాల్పులుండవని ప్రభుత్వమే ప్రకటించిన ప్రాంతాల్లోకి లక్షలాది సాధారణ ప్రజలు చేరగా, అక్కడ కూడా ఫిరంగి గుండ్లు పడ్డాయి. తిండి అడుగంటినప్పుడు దొరికిన బియ్యాన్ని చాలా నీళ్ళల్లో ఉడికించి, ఉప్పు వేసి, వరుసలో నిలబడినవాళ్ళకు పోసేవారు. ఆ చివరి నెలల్లో చనిపోయిన సాధారణ పౌరుల సంఖ్య 40,000 దాకా ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011లో పేర్కొంది. బతికి బయటపడినవాళ్ళు ప్రతి సంవత్సరం మే నెలలో అదే గంజిని కాచి, దారినపోయేవాళ్ళకు పోసి, ఎందుకు పోస్తున్నారో చెబుతారు.

మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. దానిని తొలిచిన ప్రశ్న వేరు. పాట్టి ఇంటికి వచ్చిన బంధువులు మాటిమాటికీ అంటున్న ‘ఇనప్పడుకొలై’ అనే మాటలో దాని చెవికి మన ‘ఇనప’ వినిపించి, ఇనుముతో చేసిన హత్య కాబోలు అనుకుంది. ఇనం అంటే తమిళంలో జాతి అని చెప్పి, తెలుగులో ఆ మాట ఏమిటో చెప్పబోయి ఆగిపోయాను. మన పత్రికలు మారణహోమం అంటాయి, నరమేధం అంటాయి. హోమమూ మేధమూ దేవతలకిచ్చేవి. చంపినవాడికి యజ్ఞకర్త గౌరవం కట్టబెట్టే మాటలను బిడ్డకు నేర్పడం నాకు ఇష్టం లేకపోయింది. చివరికి జాతి నిర్మూలన అన్నాను. ఇంగ్లీషులో కూడా ఆ నేరానికి ఒకప్పుడు పేరు లేదని, నాజీల చేతుల్లో తన బంధువులు 49 మందిని పోగొట్టుకున్న రఫాయెల్ లెమ్కిన్ అనే న్యాయవాది 1944లో గ్రీకు ముక్కనూ లాటిన్ ముక్కనూ అతికించి ‘జెనోసైడ్’ అనే మాట తయారుచేశాడని, దాన్ని చట్టంగా మార్చమని దేశదేశాల ప్రతినిధుల వెంట తిరిగి తిరిగి 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి చేత ఒప్పందం ఆమోదింపజేసేదాకా విశ్రమించలేదని చెప్పాను. ఒక జాతిని, తెగను లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత భాగాన్ని గానీ నాశనం చేయాలనే ఉద్దేశం రుజువైతేనే ఆ ఒప్పందం ప్రకారం అది జాతి నిర్మూలన అవుతుంది. ముళ్ళివాయ్కాల్‌కు ఆ పేరు తగదని శ్రీలంక ప్రభుత్వం అంటుంది; తగుతుందని 2015లో అక్కడి ఉత్తర ప్రావిన్షియల్ కౌన్సిల్ తీర్మానించింది; 2022లో కెనడా పార్లమెంటు మే 18ని తమిళ జాతి నిర్మూలన స్మారక దినంగా గుర్తించింది. పేరు తేలేదాకా గంజి పోయడం ఆపాలా అని మా అమ్మాయి అడిగింది. ఆపనక్కరలేదన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

మావారు ఆ రాత్రి మరోమాట అన్నారు. ఈ ఊళ్ళో మే 18 తరువాత మూడు రోజులకే మే 21 వస్తుందని, 1991లో ఆ రోజున శ్రీపెరంబుదూరులో పులుల సంస్థ పేల్చిన బాంబుకు రాజీవ్ గాంధీతో పాటు మరికొందరు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి పిల్లలకు చెప్పకుండా సగం కథ చెప్పడం సరికాదని, అసలు పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి బతుకుతున్న మనం ఇలాంటి విషయాల్లో తలదూర్చకపోవడం మేలని ఆయన అభిప్రాయం. మొదటి రెండు మాటలతో నేను పూర్తిగా ఏకీభవించాను. అందుకే పులుల సంస్థ ఏమి చేసిందో కూడా చెప్పాను: 1990లో ఉత్తర ప్రాంతపు ముస్లింలను ఇళ్ళనుంచి వెళ్ళగొట్టిందని, పిల్లలను బలవంతంగా యుద్ధంలో చేర్చుకుందని, చివరి రోజుల్లో ప్రజలను అడ్డుగోడగా నిలిపి పారిపోబోయినవాళ్ళను కాల్చిందని ఆ నిపుణుల నివేదికే చెబుతున్నదని. గంజి కోసం వరుసలో నిలబడిన పిల్లవాడికీ ఈ నేరాలకూ సంబంధం లేదని కూడా చెప్పాను. మావారి మూడో మాటను నేను ఒప్పుకోలేదు.

ఆ సంవత్సరం బడిలో ప్రాజెక్టు కోసం అమ్మాయి ఈ గంజి గురించే రాస్తానంటే, ఇది మనకు మరీ దగ్గరి విషయం, గొడవలకు దారితీస్తుంది, వేరే దేశపు సంగతి ఏదైనా తీసుకోమని టీచరు సలహా ఇచ్చారు. అది మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఒట్టోమన్ తుర్కీ పాలనలో జరిగిన ఆర్మేనియన్ల ఊచకోతను ఎంచుకుంది. దూరమనుకుని ఎంచుకున్న ఆ సంగతి కూడా చెన్నైలోనే తేలింది. హైకోర్టుకు దగ్గరలో, జార్జిటౌన్‌లోని ఆర్మేనియన్ వీధిలో, 1772లో కట్టిన చర్చి ఉంది. ఆవరణ నిండా సమాధి ఫలకాలు, వాటి మీద మాకు చదవరాని అక్షరాలు ఉన్నాయి. ఆ సంఘంవారు మాత్రం ఇప్పుడు ఊళ్ళో దాదాపు లేరు. ప్రపంచంలోకెల్లా తొలి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో అచ్చయింది ఈ మద్రాసులోనే. ఇక్కడికి వచ్చినవాళ్ళు వర్తకులు, మారణకాండకు చాలా ముందువాళ్ళు. కానీ 1915 ఏప్రిల్ 24 రాత్రి కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్మేనియన్ రచయితలను, పెద్దలను అరెస్టు చేయడంతో మొదలైన దారుణాన్ని ఆ వీధిలో నిలబడి చెప్పినప్పుడు అది పాఠంలా అనిపించలేదు. అమ్మాయిని ఎక్కువగా కదిలించింది 1965. యాభయ్యేళ్ళు నిండిన ఆ ఏప్రిల్ 24న, సభలూ ఊరేగింపులూ ప్రభుత్వం జరిపితే తప్ప జరగని సోవియట్ పాలనలో, ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వీధుల్లోకి జనం తమంతట తామే పోటెత్తారు. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడ కొండమీద స్మారకం వెలిసింది. అమెరికా అధ్యక్షుడు ఏప్రిల్ 24 సంస్మరణ ప్రకటనలో జెనోసైడ్ అనే మాట వాడడానికి 2021 దాకా పట్టింది.

ప్రభుత్వాలు ఆలస్యంగా పలికే మాటను మామూలు మనుషులు ఎలా మోస్తూ వచ్చారో ఆ తరువాత మేమిద్దరం కలిసి చదువుతూ వచ్చాం. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జూలైలో హత్యకు గురైన ఎనిమిది వేలకు పైగా పురుషుల, బాలుర తల్లులూ భార్యలూ తుజ్లా పట్టణంలో నెలనెలా పదకొండో తేదీన, పోయినవాళ్ళ పేర్లు కుట్టిన దిండు గలీబులు పట్టుకుని నడిచేవారు. ఐక్యరాజ్యసమితి జూలై 11ను స్మారక దినంగా ప్రకటించింది 2024లో. జాఫ్నా విశ్వవిద్యాలయంలోని ముళ్ళివాయ్కాల్ స్మారకాన్ని 2021 జనవరిలో రాత్రికి రాత్రి పడగొట్టినప్పుడు విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చుని దాన్ని తిరిగి కట్టించుకున్నారు. 2024 మే నెలలో త్రికోణమలై జిల్లా సంపూర్‌లో గంజి పోసినందుకు కొందరిని పోలీసులు అరెస్టు చేశారు. కొబ్బరి చిప్పెడు ఉప్పు నీళ్ళకు అధికారం అంతగా జంకినప్పుడు, ఆ గంజి బలం ఎంతటిదో నాకు వేరెవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఈ ఏడాది మే నెలలో పాట్టి మా పిల్లలను సాయం అడిగారు. అబ్బాయి చిప్పలు అందించాడు. మా వీధిలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు గనుక అమ్మాయి ఒక అట్టమీద తెలుగులో నాలుగు వాక్యాలు రాసి గేటుకు కట్టింది. మొదటి వాక్యంలో ‘వాళ్ళు’ అని రాసి, కొట్టివేసి, ‘ఇక్కడి మన పొరుగువారి బంధువులు’ అని మార్చింది. ఆ దిద్దుబాటు నేను చెప్పింది కాదు. పక్కింటి తెలుగాయన చదివి, గంజి తాగి, “మన వైపు ఇలాంటివి జరగలేదులే అమ్మా,” అన్నారు. అమ్మాయి నావైపు చూసింది.

జరిగింది. 1985 జూలై 16న మా చీరాల పక్కనే కారంచేడులో, తాగునీటి చెరువు దగ్గర మొదలైన మాటామాటా మర్నాటికి పెరిగి, అగ్రకులాలవారు ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. బతికినవాళ్ళు ఊరు వదిలి చీరాలకు వచ్చి శిబిరం వేసుకున్నారు. వాళ్ళ పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది. ఒప్పందపు నిర్వచనం ప్రకారం దీన్ని జాతి నిర్మూలన అనరు, నేనూ అనను; పెద్ద మాటను అన్నిటికీ వాడితే అది పలచబడుతుంది. అయితే ముళ్ళివాయ్కాల్ గురించి, యెరెవాన్ గురించి బిడ్డలకు అన్ని సంగతులు చెప్పిన నేను, మా ఊరి పక్క సంగతి ఒక్కసారైనా చెప్పలేదు. అప్పుడు నాకు ఐదేళ్ళు. మా ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు, పెద్దయ్యాక నేనూ అడగలేదు.

సెలవుల్లో చీరాల వెళ్ళినప్పుడు అమ్మాయి అడిగింది. మా నాన్నగారు వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “శిబిరం మనకు నాలుగు వీధుల అవతలే ఉండేదమ్మా. మీ అమ్మమ్మ ఒక బస్తా బియ్యం పంపుదామంది. నలుగురూ ఏమనుకుంటారోనని నేనే వద్దన్నాను,” అన్నారు. నలభై ఏళ్ళలో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అమ్మాయి ఆయన పక్కన నేలమీద కూర్చుని, “ఇంకా ఏం గుర్తుంది తాతయ్యా?” అని అడిగింది.